బ్రిడ్జ్‌లో అబద్ధం చెల్లుతుంది, రహస్యం చెల్లదు

విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్లే పగటి రైలు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాక, కిటికీ పక్క సీటు దొరకనివాళ్లకు అరకు వచ్చేదాకా పెద్దగా పని ఉండదు. చలికాలంలో ఆ పెట్టెల్లో పేకలు బయటికి రావడం మామూలే. నలుగురు ఎదురెదురుగా కూర్చుని మోకాళ్ల మీద తువ్వాలు పరుచుకుంటారు. ఇద్దరిద్దరు జట్టుగా ఆడే ఆటయితే, ముక్కలు పంచకముందే ఒక జట్టు గుసగుసలాడుకుంటుంది. "నేను ముక్కు గోక్కుంటే ఇస్పేటు, చెవి పట్టుకుంటే ఆఠీను." సొరంగంలోకి రైలు దూరగానే "ముక్కలు మూసుకోండి" అని ఎవరో అరుస్తారు. సరదా ఆటలో ఇదంతా చెల్లిపోతుంది. పట్టుబడితే నవ్వుకుని మళ్లీ పంచుకుంటారు.

బ్రిడ్జ్ అనే పేకాటలో ఈ ముక్కు, చెవి సైగలు చేస్తే ఆటగాణ్ని ఏళ్ల తరబడి పోటీల నుంచి వెలివేస్తారు. అదే ఆటలో, చేతిలో రెండే రెండు ఇస్పేట్లు పెట్టుకుని "నా దగ్గర ఐదు ఇస్పేట్లు, వాటికి తోడు మంచి బలం ఉన్నాయి" అనే అర్థం వచ్చేలా ప్రకటించినవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు. కొత్తగా వినేవాళ్లకు ఇది తలకిందుల న్యాయంలా తోస్తుంది. కానీ రెండింటి వెనకా ఉన్న నియమం ఒక్కటే. ఒక ప్రకటన అర్థం మీ జోడీకి ఎంత తెలుసో, అవతలి జంటకూ అంత తెలియాలి. ఈ ఒక్క మాట నుంచి మిగతా నియమాలన్నీ ఎలా పుట్టుకొస్తాయో నింపాదిగా చూద్దాం.

అంతకంటే ముందు ఒక కోర్టు కేసు. మన దగ్గర పేకాట అనగానే పోలీసు దాడి, పేపర్లో ఫొటో గుర్తొస్తాయి. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ' కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన ఆ వ్యాజ్యంలో 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదయతుల్లా. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని, రమ్మీలో మాత్రం పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం ప్రధానమని కోర్టు చెప్పింది. రమ్మీలో అదృష్టం పాలు ఎలాంటిదో వివరించడానికి బ్రిడ్జ్‌నే ఉదాహరణగా తీసుకుంది. ముక్కలు కలిపి పంచే ఏ ఆటలోనైనా ఆ మాత్రం అదృష్టం తప్పదని దాని సారాంశం. అంటే బ్రిడ్జ్ నైపుణ్యపు ఆట అన్నది అక్కడ వాదించి తేల్చాల్సిన విషయంగా కూడా లేదు. అందరికీ తెలిసిన కొలబద్దగా దాన్ని వాడుకున్నారు. క్లబ్బు పందేల మీద లాభం గుంజితే అది వేరే సంగతి, నేరమే కావచ్చని కూడా అదే తీర్పు హెచ్చరించింది.

ఆ తర్వాత చట్టాలు చాలా మారాయి. ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025లో కేంద్రం చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే పక్కనపెట్టి ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ ఆపింది. పందెం లేని బ్రిడ్జ్ పోటీలు ఈ గొడవకు బయట ఉన్నాయి. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జ్‌ని తొలిసారి పతకాల ఆటగా చేర్చారు. పురుషుల జంటల విభాగంలో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ భారత్‌కు స్వర్ణం తెచ్చారు. బర్ధన్‌కు అప్పటికి 60 ఏళ్లు. కాంస్యం గెలిచిన మిశ్రమ జట్టులో మన బాచిరాజు సత్యనారాయణ ఉన్నారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడల్లో పురుషుల జట్టు రజతం గెలిచింది. ఇంత జరిగినా మన పాఠకుల్లో చాలామందికి బ్రిడ్జ్ అంటే క్లబ్బుల్లో పెద్దవాళ్లు ఆడే ఏదో ఆట. ఆ దూరానికి కొంత కారణం ఆటలోనే ఉంది. రమ్మీ పావుగంటలో వచ్చేస్తుంది. బ్రిడ్జ్ ఆడాలంటే ముందు ఒక భాష నేర్చుకోవాలి.

ఆట తీరు ఇది. నలుగురు ఆటగాళ్లు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జంట. 52 ముక్కలూ పంచితే ఒక్కొక్కరికి 13. ప్రతి చుట్టులో నలుగురూ తలో ముక్క వేస్తారు, పెద్ద ముక్క వేసినవాళ్లది ఆ పట్టు. మొత్తం 13 పట్లు. మన పల్లెల్లో తురుపు ఆటలు ఆడినవాళ్లకు ఇంతవరకు కొత్తేమీ లేదు. అసలు తేడా పట్లకు ముందు జరిగే వేలంలో ఉంది. "మా జంట ఇన్ని పట్లు చేస్తుంది, ఫలానా రంగు తురుపుగా" అని వంతులవారీగా పాడుకుంటూ పోతారు. ఎక్కువ పాడిన జంటకు ఆ కాంట్రాక్టు దక్కుతుంది. చెప్పినన్ని పట్లు చేస్తే లాభం, చేయలేకపోతే జరిమానా. "ఒక ఇస్పేటు" అంటే ఆరు పట్ల మీద ఒకటి, అంటే ఏడు పట్లు చేస్తాం, ఇస్పేటు తురుపు అని. తురుపే వద్దనుకుంటే "నో ట్రంప్" (ఏ రంగూ తురుపు కాని ఆట) అని పాడతారు.

పోటీల్లో ఆడేది డూప్లికేట్ బ్రిడ్జ్ (ఒకే పంపకాన్ని అన్ని బల్లల మీదా ఆడించే పద్ధతి). పంచిన ముక్కలను అలాగే ఒక పలకలో పెట్టి పక్క బల్లకు పంపుతారు. మీకొచ్చిన పనికిమాలిన ముక్కలే పక్క బల్ల మీద అదే దిక్కున కూర్చున్నవాడికీ వస్తాయి. అతనికంటే మీరు బాగా ఆడారా లేదా అన్నదే లెక్క. 1967 తీర్పులో చెప్పిన పంపకపు అదృష్టాన్ని ఈ పద్ధతి చాలావరకు కొట్టేస్తుంది. ఇక మిగిలేది సమాచారం. దాన్ని ఎవరు బాగా పంపుకున్నారు, ఎవరు బాగా చదివారు అన్నదే.

ఈ సమాచారం ఎంత ఇరుకు దారిలో నడుస్తుందో చూడండి. ఒక ఆటగాడికి రాగల 13 ముక్కల కలయికలు 63,501 కోట్ల పైచిలుకు. వాటి గురించి జోడీకి చెప్పడానికి ఆటలో ఉన్న మాటలు 38. ఒకటి నుంచి ఏడు దాకా ఐదు రకాల పాటలు కలిపి 35, వాటికి తోడు పాస్, డబుల్, రీడబుల్. అంతకుమించి నోరెత్తకూడదు. గొంతు పెంచడం, నిట్టూర్చడం, కనుబొమ్మ ఎగరేయడం ఏదీ కుదరదు. గొంతు తేడా కూడా తెలియకూడదని పోటీల్లో పాటలను నోటితో చెప్పకుండా అచ్చువేసిన కార్డులు తీసి బల్ల మీద పెడతారు.

38 మాటలతో ఇంత చెప్పాలంటే ప్రతి మాటకూ ముందే ఒక అర్థం అనుకుని ఉండాలి. అందుకే ప్రతి జంటా కూర్చుని ఒప్పందాలు చేసుకుంటుంది. ఉదాహరణకు ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున బలం లెక్కగడతారు. పేక మొత్తంలో 40. "ఒక నో ట్రంప్" అని మొదలుపెడితే 15 నుంచి 17 బలం, నాలుగు రంగులూ సమంగా ఉన్నాయని చాలా జంటల ఒప్పందం. దానికి జోడీ "రెండు కళావర్లు" అని జవాబిస్తే, చేతిలో కళావర్లు ఉన్నాయని అర్థం కాదు. "నీ దగ్గర నాలుగు ఆఠీన్లు గానీ నాలుగు ఇస్పేట్లు గానీ ఉన్నాయా?" అని అడగడం. దీన్ని స్టేమన్ పద్ధతి అంటారు. కనిపెట్టింది జార్జ్ రపీ. 1945లో దాని గురించి పత్రికలో రాసింది అతని జోడీ శామ్ స్టేమన్. పేరు రాసినవాడికే దక్కింది.

ఇలా చెప్పిన మాటకు వేరే అర్థం ఉండే పాటలను కన్వెన్షన్లు (ముందే అనుకున్న సంకేతార్థపు పాటలు) అంటారు. ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. సంకేతాలు అనుమతించినప్పుడు, అవి రహస్యంగా ఉండకూడదని ఎందుకు?

మన పశువుల సంతల్లో బేరం చూసినవాళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది. దళారి, కొనేవాడు చేతుల మీద తువ్వాలు కప్పుకుని వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఆ ధర తెలియకూడదన్నదే ఆ తువ్వాలు పని. అది ఇద్దరి మధ్య బేరం కాబట్టి చెల్లుతుంది. బ్రిడ్జ్ వేలంలో నలుగురూ పాల్గొంటారు. అవతలి జంట కూడా మీ పాటలను విని, వాటి నుంచి మీ చేతుల్లో ఏముందో ఊహించి, తామేం పాడాలో, ఏ ముక్క ముందు వేయాలో తేల్చుకోవాలి. ఆ ఊహే ఈ ఆటలో నైపుణ్యం. "రెండు కళావర్లు" అంటే కళావర్లు ఉన్నట్టేనని అవతలివాడు అనుకుని ఆ రంగు వేయడం మానుకుంటే, అతను ఓడింది తెలివితక్కువై కాదు. అతనికి నిఘంటువు ఇవ్వలేదు, అంతే.

కాబట్టి నిఘంటువు ఇచ్చి తీరాలి. ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్య చివరగా 2017లో సవరించిన డూప్లికేట్ బ్రిడ్జ్ నియమావళిలో 93 నియమాలున్నాయి. మన విషయం ఎక్కువగా 40వ నియమంలో ఉంటుంది. ఆచరణలో ఇది మూడు మెట్లుగా జరుగుతుంది. మొదటిది సిస్టమ్ కార్డు (జంట తన ఒప్పందాలన్నీ రాసి అవతలివాళ్లకు ఇచ్చే పత్రం). రెండోది అలర్ట్ (పాడినవారి జోడీ "ఈ పాటకు ప్రత్యేక అర్థం ఉంది" అని వెంటనే హెచ్చరించడం). ఏ పాటలకు అలర్ట్ చేయాలన్నది ఆయా దేశాల సంస్థలు నిర్ణయిస్తాయి. మూడోది, అవతలివాళ్లు తమ వంతులో అడిగితే వివరించడం. వివరించాల్సింది పాడినవారు కాదు, వారి జోడీ. "స్టేమన్" అని పేరు చెప్పి ఊరుకుంటే వివరణ ఇచ్చినట్టు కాదు. అదే పేరును ఒక్కో జంట ఒక్కో రకంగా వాడుతుంది. ఏ బలంతో, ఎన్ని ముక్కలతో ఆ పాట పాడతారో చెప్పాలి.

కాగితం మీద రాసుకున్నవే ఒప్పందాలు అనుకుంటే పొరపాటు. పాతికేళ్లుగా కలిసి ఆడుతున్న భార్యాభర్తలను ఊహించుకోండి. ఆయనకు దూకుడెక్కువ, ఓడిపోతున్నప్పుడు తక్కువ బలంతో కూడా పాడేస్తాడు. ఆవిడ ఈ సంగతి ఏనాడూ నోటితో అనలేదు, ఆయనా చెప్పలేదు. కానీ ఆవిడకు తెలుసు. తెలుసు కాబట్టి తగ్గి పాడుతుంది. నియమాల దృష్టిలో ఇదీ ఒప్పందమే. కలిసి ఆడిన అనుభవం నుంచి పుట్టిన అవగాహన కూడా అవతలివాళ్లకు చెప్పాల్సిందే. సిగ్గుపడకుండా "మా ఆయన ఇలాంటప్పుడు కాస్త తేలిగ్గా పాడతారు" అని ఆవిడ చెప్పాలి. చెప్పనక్కర్లేనిది, బ్రిడ్జ్ ఆడే ఎవరికైనా ఉండే మామూలు ఆట తెలివి. ముక్కలు లెక్కపెట్టి, జరిగిన పాటల్ని కలిపి మీరు చేసిన ఊహ మీ సొంతం. దాన్ని ఎవరికీ పంచనక్కర్లేదు.

ఇప్పుడు అబద్ధం సంగతి. దీన్ని సైకిక్ బిడ్ (చేతిలో ఉన్న బలాన్ని లేదా రంగు ముక్కల సంఖ్యను కావాలని, బాగా తప్పుగా చూపే పాట) అంటారు, వాడుకలో "సైక్". 1930ల మొదట్లో అమెరికాలో డొరతీ రైస్ సిమ్స్ అనే ఆటగత్తె దీనికి ప్రచారం తెచ్చింది. 1932లో దీని మీదే ఒక పుస్తకం రాసింది. హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో ఓడ ప్రయాణంలో ఈ కాంట్రాక్ట్ బ్రిడ్జ్ లెక్కలకు రూపమిచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. ఆటతో పాటే అబద్ధమూ పెరిగిందన్నమాట.

ఒక పంపకం దగ్గరగా చూద్దాం. మీ జోడీ, మీ కుడివైపు ఆటగాడు ఇద్దరూ పాస్ అన్నారు. వంతు మీది. మీ చేతిలో బలం 3, ఇస్పేట్లు రెండు. పాస్ అన్న ఇద్దరి దగ్గరా పెద్ద బలం ఉండదు. మొత్తం 40లో మీ జోడీకి 8, కుడివైపు 10 ఉన్నాయనుకుంటే, ఎడమవైపు కూర్చున్నవాడి దగ్గర 19. అవతలి జంటకు మొత్తం 29. పైగా వాళ్లిద్దరి మధ్య ఇస్పేట్లు తొమ్మిది, ఎడమవైపు నాలుగు, కుడివైపు ఐదు. వాళ్లను వదిలేస్తే హాయిగా "నాలుగు ఇస్పేట్లు" పాడి, పది పట్లు చేసి 420 పాయింట్లు కొట్టుకుపోతారు. ఈ అంకెలన్నీ మీకు కనబడవు. కానీ ఎడమవైపు బలమంతా పోగుపడి ఉంటుందని వాసన పసిగట్టవచ్చు.

మీరు "ఒక ఇస్పేటు" అని మొదలుపెడతారు. దాని ఒప్పందం అర్థం, ఐదు ఇస్పేట్లు, 12 పైన బలం. ఇప్పుడు కుడివైపువాడు తన చేతిలోని ఐదు ఇస్పేట్లు చూసుకుంటాడు. మొదలుపెట్టినవాడికి ఐదుంటే ఇక మిగిలింది మూడే, మా రంగు ఇది కాదేమోనని తడబడతాడు. ఇద్దరూ కలిసి "మూడు నో ట్రంప్"లో ఆగి తొమ్మిది పట్లు చేశారనుకోండి, వాళ్లకు 400. మిగతా బల్లల మీద 420. జంటల పోటీలో ఆ 20 తేడా చాలు, మీరు ముందుకు, వాళ్లు వెనక్కి.

ఇది నాణేనికి ఒక వైపు. ఎడమవైపువాడు బలం చూపిస్తూ డబుల్ అంటాడు. కుడివైపువాడు తన ఐదు ఇస్పేట్లు చూసి, ఎక్కడో అబద్ధం ఉందని గ్రహించి, పాస్ అని ఊరుకుంటాడు. ఇప్పుడు మీరు ఇస్పేటు తురుపుగా ఏడు పట్లు చేయాలి. మీ ఇద్దరి దగ్గరా కలిపి ఉన్న తురుపులు నాలుగు. మూడు పట్లు చేసి నాలుగు తగ్గితే డబుల్ మీద జరిమానా 800. వాళ్లు 420కి ఆడాల్సింది మీరే 800 చేతిలో పెట్టారు. కాస్త బలం ఉన్న రోజున మీ జోడీ కూడా మీ మాట నమ్మి పాట పెంచుకుంటూ పోయి ఇంకా లోతుకు దిగబడవచ్చు.

ఈ నష్టభయమే సైక్‌కి లైసెన్సు. అబద్ధం విన్న ముగ్గురూ సమానంగా మోసపోవాలి, మీ జోడీతో సహా. అప్పుడది సాహసం. జోడీకి మాత్రం లోపాయికారీగా తెలిస్తే, నష్టం వచ్చే దారి మూసుకుపోతుంది, లాభం మాత్రం మిగులుతుంది. అప్పుడది మోసం. నియమం కూడా ఇదే చెబుతుంది: మీరు ప్రకటించిన ఒప్పందాన్ని ఎప్పుడైనా దాటవచ్చు. అయితే మీరు దాటుతున్నారని అనుమానించడానికి అవతలివాళ్లకంటే మీ జోడీకి ఎక్కువ కారణం ఉండకూడదు.

మరి జోడీకి తెలుసో లేదో బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? మనసులో ఏముందో ఎవరూ చూడలేరు కాబట్టి చేసిన పనిని చూస్తారు. మరో పంపకంలో మీరు ఇలాగే ఖాళీ చేతితో "ఒక ఇస్పేటు" అన్నారు. ఈసారి మీ జోడీ దగ్గర 10 బలం, నాలుగు ఇస్పేట్లు ఉన్నాయి. మీ మాట నమ్మినవాడైతే "మూడు ఇస్పేట్లు" అని ఎగబాకాలి. అతను పాస్ అన్నాడు. ఎందుకు? అలసటా, పొరపాటా, లేక మీ సంగతి తెలిసా? అవతలివాళ్లు డైరెక్టర్‌ని (పోటీలో తీర్పులు చెప్పే అధికారిని) పిలుస్తారు. జోడీ అబద్ధాన్ని ఇలా కాచుకోవడాన్ని ఫీల్డింగ్ అంటారు. ఇంగ్లండ్ బ్రిడ్జ్ సంస్థ ఇలాంటి ఘటనలకు ట్రాఫిక్ దీపాల్లా రంగులు ఇస్తుంది. ఎరుపంటే దాచిన ఒప్పందం ఉన్నట్టే లెక్క, స్కోరు మారుస్తారు. పసుపంటే అనుమానం నమోదు చేసి ఉంచుతారు, ఇలాంటిదే మళ్లీ జరిగితే రెండూ కలిపి చూస్తారు. ఆకుపచ్చంటే తప్పేమీ లేదు. ఇందులో నాకు నచ్చిన సంగతి, ఎవరినీ "నువ్వు దొంగవి" అనాల్సిన అవసరం లేకపోవడం. ఉద్దేశం జోలికి పోకుండా, పాటల వరుస చూసి తీర్పు చెప్పవచ్చు.

ఇదే కారణంతో ఒకే అబద్ధం పదేపదే చెల్లదు. మూడో వంతులో ఖాళీ చేతితో పాడటం మీ అలవాటయితే, కొన్నాళ్లకు మీ జోడీ దాన్ని ఎదురుచూడటం మొదలుపెడతాడు. ఆ క్షణం నుంచి అది అబద్ధం కాదు, ఒప్పందం. సిస్టమ్ కార్డులోకి ఎక్కించాలి. ఎక్కించాక ఆ పోటీ నిబంధనలు అలాంటి ఒప్పందాన్ని అనుమతిస్తాయో లేదో వేరే ప్రశ్న. "నువ్వు చెప్పింది నిజమేనా?" అని జోడీని అడిగే ప్రత్యేక పాటలు కూడా ఒకప్పుడు కొందరు తయారుచేసుకున్నారు. వాటిని చాలా సంస్థలు నిషేధించాయి. సంకేతార్థపు పాటలతో అబద్ధమాడటాన్ని పరిమితం చేసే అధికారమూ సంస్థలకు ఉంది.

అబద్ధం ఒకటి, పొరపాటు మరొకటి. బల్ల దగ్గర గొడవలు ఎక్కువ పుట్టేది రెండోదాని వల్లే.

మీ కార్డులో "ఒక నో ట్రంప్ అంటే 15 నుంచి 17" అని ఉంది. మీరు ముక్కలు తప్పుగా లెక్కపెట్టి 11తో పాడారు. అవతలివాళ్లు అడిగితే మీ జోడీ "15 నుంచి 17" అని చెప్పాడు. వాళ్లు నమ్మి దెబ్బతిన్నారు. వాళ్లకు ఉపశమనం లేదు. ఇప్పుడు రెండో సన్నివేశం. మీరు సరిగ్గా 16తో పాడారు. మీ జోడీ మరెవరితోనో ఆడే పద్ధతి గుర్తొచ్చి "12 నుంచి 14" అన్నాడు. వాళ్లు నమ్మి దెబ్బతిన్నారు. ఈసారి డైరెక్టర్ స్కోరు సవరిస్తాడు. దెబ్బ రెండుచోట్లా ఒకటే. మొదటిసారి వాళ్లకు ఒప్పందం సరిగ్గా చెప్పారు, మీ ముక్కలే దానికి సరిపోలేదు. రెండోసారి ఒప్పందాన్నే తప్పుగా చెప్పారు. అవతలివాళ్లకు హక్కు ఉన్నది మీ ఒప్పందం మీద, మీ ముక్కల మీద కాదు. ఏది జరిగిందో ఆధారం లేకపోతే, తప్పు వివరణే ఇచ్చారని డైరెక్టర్ అనుకోవాలని నియమావళి చెబుతుంది. సిస్టమ్ కార్డు నింపకుండా పోటీకి వెళ్లేవాళ్లు ఈ నియమాన్ని ఒకసారి చదవాలి. మీ మాటకు సాక్ష్యం ఆ కాగితమే.

రెండో సన్నివేశంలో ఇంకో చిక్కుంది. జోడీ తప్పుగా వివరిస్తున్నట్టు మీకు తెలుసు, అక్కడే కూర్చుని వింటున్నారు. మన సహజబుద్ధి వెంటనే "కాదండీ" అనమంటుంది. అనకూడదు. అంటే మీ జోడీకి అతని పొరపాటు తెలిసిపోతుంది. అది మీ పాటల ద్వారా తెలియాల్సిన సమాచారం, నోటితో తెలియకూడదు. అందుకని వేలం అయ్యేదాకా మొహం మార్చకుండా కూర్చోవాలి. కాంట్రాక్టు మీ జంటదైతే, అవతలివాళ్లు మొదటి ముక్క వేయకముందే డైరెక్టర్‌ని పిలిచి సరిదిద్దాలి. కాంట్రాక్టు అవతలి జంటదైతే ఆట మొత్తం పూర్తయ్యాకే చెప్పాలి. తప్పు తనదేనని జోడీకి మధ్యలో గుర్తొస్తే మాత్రం అతను వెంటనే చెప్పవచ్చు, ఎలాగూ చెప్పి తీరాలి. ఇదొక్కటి అలవాటయ్యేసరికి కొత్తవాళ్లకు చాలాకాలం పడుతుంది.

పెద్ద పోటీల్లో ఈ తలనొప్పిని బల్లకు అడ్డంగా ఒక తెర పెట్టి తగ్గించారు. జోడీలు ఒకరికొకరు కనబడరు. తెరకు ఒకే వైపు కూర్చున్న ప్రత్యర్థికి ఎవరి పాట వాళ్లే కాగితం మీద రాసి వివరిస్తారు. ప్రపంచ జట్ల పోటీ అయిన బెర్ముడా బౌల్‌లో ఈ తెర 1975లో వచ్చింది. దాని వెనక పదేళ్ల అనుమానాల చరిత్ర ఉంది. 1965లో బ్యూనస్ ఎయిర్స్‌లో బ్రిటన్ జంట టెరెన్స్ రీస్, బోరిస్ షాపిరో ముక్కలు పట్టుకునే వేళ్లతో ఆఠీన్ల లెక్క చెప్పుకున్నారని ఆరోపణ వచ్చింది. ప్రపంచ సమాఖ్య దోషులంది, బ్రిటన్లో జరిగిన విచారణ నిర్దోషులంది. 1975లో తెర పెట్టిన ఆ పోటీలోనే ఇటలీ జంట బల్ల కింద కాళ్లతో సైగలు చేసుకుంటోందని మరో గొడవ. పైన తెర కడితే సైగ కిందికి దిగింది. 2015లో నార్వే ఆటగాడు బోయె బ్రొగెలాండ్ చొరవతో వీడియోలు జల్లెడపట్టినప్పుడు, వేసే ముక్కను నిలువుగా పెట్టడం, అడ్డంగా పెట్టడం లాంటి చిన్న తేడాల్లో సంకేతాలు బయటపడ్డాయి. ప్రపంచ స్థాయి జంటల మీద నిషేధాలు పడ్డాయి. వీళ్లెవరి మీదా పాటలతో అబద్ధమాడారన్న ఆరోపణ రాలేదు. జోడీతో మాత్రమే నిజం చెప్పుకుంటున్నారన్నదే ఆరోపణ.

ఇప్పుడు ఆట ఫోన్లలోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్ తర్వాత క్లబ్బు గడప తొక్కనివాళ్లు కూడా ఇంట్లో కూర్చుని ఆడుతున్నారు. సిగ్నల్ ఉంటే చాలు, అరకులో ఉన్నవాళ్లు అమెరికాలో ఉన్న అన్నయ్యతో జోడీ కట్టవచ్చు. ఆన్‌లైన్ బల్ల మీద అలర్ట్ పద్ధతి మారింది. పాడినవారే తమ పాటకు అర్థం టైపు చేస్తారు, అది ప్రత్యర్థులకు మాత్రమే కనబడుతుంది, జోడీకి కనబడదు. తప్పు వివరణ, దాన్ని విన్న జోడీ ఇబ్బంది, ఈ రెండూ దాదాపు పోయాయి. వాటి బదులు ఇంకో ఫోన్లో జోడీకి చెప్పేసే సౌకర్యం వచ్చింది. దాన్ని ఏ తెరా ఆపలేదు. అయితే ప్రతి పాటా, ప్రతి ముక్కా నమోదై ఉంటాయి. నమ్మశక్యం కానంత సరైన ఊహలు వరుసగా చేస్తున్న జంట ఎప్పటికైనా ఆ రికార్డులో కనబడుతుంది.

కొత్తగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒక సలహా. మొదట్లో ఒప్పందాలు తక్కువ పెట్టుకోండి. ఇద్దరికీ కచ్చితంగా గుర్తుండేవి పది ఉంటే చాలు. వాటిని కార్డు మీద రాయండి. అడిగినప్పుడు పేరు చెప్పకుండా అర్థం చెప్పండి. ఒప్పందమే లేకపోతే "మేం దీని గురించి అనుకోలేదు" అనండి, ఊహించి చెప్పొద్దు. అవతలివాళ్ల ఆటలో తేడా కనిపిస్తే బల్ల దగ్గర వాదించుకోకుండా డైరెక్టర్‌ని పిలవండి. ఈ ఆటలో డైరెక్టర్‌ని పిలవడం అంటే ఎవరినో మోసగాడన్నట్టు కాదు. మీ బల్ల దగ్గరికి ఎవరైనా అలా పిలిచినా నొచ్చుకోకండి.